సత్తమ్మ పట్టిచూసిన రాకెట్

నాచారంలో ఫ్యాక్టరీల గోడ వెనక వీధిలో పాలప్యాకెట్లు వచ్చే వేళకు రెండు పనులు మొదలయ్యేవి. గౌతమి సైకిలెక్కి టెన్నిస్ కోర్టుకు పోయేది. ఆమె నానమ్మ సత్తమ్మ గడపలో పీట వేసుకుని కూర్చుని, వీధిలోవాళ్లు తెచ్చిన కొత్త వస్తువులను పట్టిచూసేది.

ఎక్కువగా చెప్పులే వచ్చేవి. బడులు తెరిచే జూన్‌లో పుస్తకాల సంచులు, పెళ్లిళ్ల కాలంలో గాజులు, ఎప్పుడైనా ఒక సైకిలో కుట్టుమిషనో. సత్తమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎవరికి?" పేరు చెప్పగానే వస్తువును చేతిలోకి తీసుకునేది. ఆ వస్తువు ఆ మనిషికి ముందుముందు ఎక్కడ నొప్పి పెడుతుందో సరిగ్గా అక్కడే సత్తమ్మకు నొప్పి పుట్టేది. చెప్పులైతే మడమ తడుముకుని, "గీడ కొరుకుతది, ఒక నంబరు పెద్దది తీస్కో" అనేది. సంచైతే భుజం చూపించేది. కింద పెట్టగానే నొప్పి పోయేది. వచ్చినవాళ్లు తలూపి దుకాణానికి వెళ్లి మార్చుకునేవాళ్లు. నాచారం చౌరస్తాలో చెప్పుల దుకాణం ఆయన, సత్తమ్మ దగ్గరికి పోయొచ్చిన చెప్పులను ఏం అడగకుండానే వాపసు తీసుకునేవాడు.

జనగామ దిక్కు నుంచి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఆమెకు ఈ గుణం ఉంది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసే రోజుల్లో కొత్తగా ఒక కోత మిషను దించితే, సూపర్‌వైజర్ భూషణం ముందుగా ఆమెనే పిలిచాడు. ఎవరు నడుపుతారని అడిగింది. అన్నపూర్ణమ్మ అన్నారు. పిడి పట్టుకున్న మరుక్షణం సత్తమ్మ కుడిచేతి రెండు వేళ్లు లేనట్టే అయిపోయాయి. భూషణం మర్నాటికల్లా మిషనుకు ఇనుప జాలీ కట్టించాడు. అన్నపూర్ణమ్మ రిటైరయ్యేదాకా ఆ మిషను మీదే పని చేసి, పది వేళ్లతో ఇంటికి పోయింది.

సత్తమ్మకు ఒక నియమం ఉండేది. అడగందే ఏదీ పట్టుకునేది కాదు. "పట్టుకున్నంతసేపు అది నా నొప్పే గద. ఊరికెనే ఎవలు తెచ్చుకుంటరు" అనేది.

కొడుకు దుర్గేష్ ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో లేత్ మిషను మీద పని చేసేవాడు. వెంట్రుక మందం తేడా వచ్చినా ముక్కను పక్కన పడేసే మనిషి. కోడలు దుర్గాభవాని ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. వాళ్ల ఒక్కతే కూతురు గౌతమి. తొమ్మిదేళ్లప్పుడు పొద్దంతా ఇంటిగోడకు రబ్బరు బంతి కొడుతుంటే, పక్కింటివాళ్లు పడలేక మొత్తుకుంటే, దుర్గేష్ ఆమెను వెంకటరామయ్య దగ్గరికి తీసుకుపోయాడు.

వెంకటరామయ్య తెనాలి దగ్గరి మనిషి. మూతపడిన ఒక ఫ్యాక్టరీలో టైం ఆఫీసు గుమస్తాగా రిటైరయ్యాడు. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. ఆ ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక మట్టికోర్టు ఒకటి మిగిలిపోతే, తనే నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసి, పొద్దున్నే పిల్లలకు ఆట నేర్పేవాడు.

రెండువేల పదకొండు జూన్‌లో గౌతమికి పద్నాలుగేళ్లు నిండాయి. ఏడాదిలో నాలుగు అంగుళాలు పొడుగు సాగింది. ఒకరోజు ఆట అయ్యాక వెంకటరామయ్య ఆమె చేతిలోని పాత రాకెట్ తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది చిన్నపిల్లల రాకెట్టమ్మా. ఇంక దీంతో ఆడితే నీకు బొమ్మతో ఆడినట్టే. పెద్దది కొనాలి. మీ నాన్నగారిని ఓసారి రమ్మను."

దుర్గేష్ ఆ సాయంత్రమే కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు. వెంకటరామయ్య ఒక్కొక్కటే చెప్పాడు. బరువు ముఖ్యం. ఎక్కువైతే చెయ్యి పోతుంది, మరీ తక్కువైతే ఎదుటివాళ్ల బంతికి రాకెట్టే వెనక్కి పోతుంది. చట్రం మరీ బిర్రుగా ఉండకూడదు. బంతి తగిలిన అదురంతా మోచేతికి ఎక్కుతుంది. పిడి లావు అరచేతిని బట్టి ఉండాలి.

"అరచేతిని ఎట్ల కొలుస్తరు సార్?" అన్నాడు దుర్గేష్.

"ఉంగరం వేలి కొస నుంచి అరచేతి మధ్య గీతదాకా."

దుర్గేష్ ఇంటికి పోయి కూతురి చేతిని స్కేలుతో కాదు, వెర్నియర్‌తో కొలిచాడు. మూడుసార్లు కొలిచి సగటు రాసుకున్నాడు. వచ్చే ఆదివారం దుకాణానికి పోదామని, నానమ్మను కూడా తీసుకుపోదామని అనుకున్నారు.

ఆదివారానికి ముందే శుక్రవారం నాడు ఉప్పల్‌లో స్కూళ్ల పోటీలు జరిగాయి. గౌతమి ఆ పాత రాకెట్‌తోనే గెలిచింది. ఆట చూస్తున్నవాళ్లలో పవన్‌కుమార్ అనే ఆయన ఉన్నాడు. బోడుప్పల్‌లో కొత్త అపార్టుమెంట్ల పక్కన నీలిరంగు కోర్టులతో అకాడమీ పెట్టిన మనిషి. ఆయన తన కారు డిక్కీలోంచి నల్లటి రాకెట్ ఒకటి తీసి గౌతమి చేతిలో పెట్టాడు.

"పెద్ద పోటీల్లో ఆడేవాళ్ల రాకెట్ ఇది. దసరా సెలవుల్లో రాష్ట్ర పోటీలున్నాయి కదా, దీంతో మా అకాడమీ తరఫున ఆడు. ఫైనల్ దాకా వస్తే మా దగ్గర నీకు చోటు. కోచింగు, ప్రయాణాలు అన్నీ మేం చూసుకుంటాం."

గౌతమి అక్కడే ఒక బంతి కొట్టి చూసింది. బంతి వెనక తడికెకు తగిలి చప్పుడు చేసేదాకా అది ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. అంత బలం తన చేతిలో ఉందని ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. రాకెట్ బరువుగా ఉంది. ఆ బరువే ఆమెకు నచ్చింది.

మర్నాడు కోర్టులో వెంకటరామయ్య దాన్ని అందుకుని, వేలిమీద నిలబెట్టి, చట్రాన్ని గోటితో తట్టి చూశాడు.

"బరువెక్కువ. బిగువూ ఎక్కువే. మీ నానమ్మగారికి చూపించావా?"

"చూపించిన సార్. ఏం గాదన్నది."

ఇంటి దగ్గర దుర్గేష్ కూడా అదే అడిగాడు. "నానమ్మకు ఇచ్చినవా బిడ్డా?"

"సార్ చూసిండు నాన్నా. మస్తుందన్నడు. ఇంక నానమ్మకెందుకు?"

గౌతమి అంతకుముందు అబద్ధాలు ఆడిన పిల్ల కాదు. కానీ నానమ్మ చేతిలో పెడితే ఏమవుతుందో ఆమెకు లోపల తెలుసు. తెలుసు కాబట్టే పెట్టలేదు. సత్తమ్మ అటునుంచి ఇటు పోతూ గోడకు తగిలించిన నల్ల సంచీని రోజూ చూసేది. అడగలేదు కాబట్టి ముట్టుకోలేదు.

జులై, ఆగస్టు నెలలు గౌతమి ఎవరికీ చిక్కలేదు. తనకంటే రెండేళ్లు పెద్దవాళ్లను, మగపిల్లలను కూడా ఓడించింది. బంతి కోసం పరుగెత్తే పని కూడా తగ్గిపోయింది. ఉన్నచోటే నిలబడి కొడితే చాలు, అవతలివాళ్లు చూస్తూ ఉండిపోయేవాళ్లు. పవన్‌కుమార్ రెండుసార్లు వచ్చి చూసి సంతోషపడి వెళ్లాడు.

ఆగస్టు సగంలో మోచేతి బయటి పక్కన సన్నగా మొదలైంది. మొదట ఆడుతున్నప్పుడే ఉండేది. తర్వాత నీళ్ల బిందె ఎత్తినా వచ్చేది. తర్వాత తలుపు గొళ్లెం తీసినా వచ్చేది. ఆమె ఎడమచేత్తో తల దువ్వుకోవడం నేర్చుకుంది.

సెప్టెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం దుర్గాభవాని కూతురికి కొత్త జాకెట్టు కుట్టడానికి చేయి కొలత తీసుకుంటోంది. టేపు మోచేతి మీదికి రాగానే గౌతమి పెదవి కొరుక్కుంది. దుర్గాభవాని టేపు వదలలేదు. వేలితో అక్కడే మెల్లగా నొక్కింది.

"ఎన్ని దినాల సంది?"

గౌతమి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"నిన్నే అడుగుతున్న."

"ఇరవై దినాలైతుంది."

"నానమ్మ పట్టిచూసిందని మీ సార్‌కు చెప్పినవట. నిన్న సార్ బజార్ల కనవడి నన్ను అడిగిండు. ఆమె చూడలేదని నాకు ఎరుకే. నువ్వే చెప్తవని ఊకున్న." ఆమె టేపు చుట్టి పక్కన పెట్టింది. "పో. రాకెట్ తీస్కపోయి నానమ్మకియ్యి."

సత్తమ్మ అప్పుడే అన్నం తిని గడపలో గోడకు ఆనుకుని కూర్చుంది. గౌతమి సంచీలోంచి రాకెట్ తీసి ముందు పెట్టింది. సత్తమ్మ అందరినీ అడిగినట్టే మనుమరాలినీ అడిగింది.

"ఎవరికి?"

"నాకే."

పిడి చుట్టూ వేళ్లు ముడవగానే సత్తమ్మ మొహం ముడుచుకుపోయింది. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుంది. గౌతమి చూస్తుండగానే అక్కడ చర్మం ఎర్రగా ఉబ్బింది.

"తెలిసింది నానమ్మా. కింద పెట్టు."

"ఉండు. ఇది ఎంత దూరం పోతదో చూడనియ్యి."

ఎక్కువసేపు పట్టుకుంటే వస్తువుతో పాటు ఏళ్లు కూడా నడుస్తాయని వీధిలో అందరికీ తెలుసు. కానీ సత్తమ్మ అంత పని ఎప్పుడో గాని చేసేది కాదు. గౌతమి ఎదురుగా కూర్చుంది. కొంతసేపటికి నొప్పి మణికట్టుకు దిగింది. పక్కనున్న చెంబు ఎత్తబోతే సత్తమ్మ వేళ్లు నిలవలేదు, నీళ్లన్నీ గడపలో పోయాయి. వీధిలో ఎండ అవతలి గోడ ఎక్కేసరికి నొప్పి భుజానికి పోయింది. ఆమె నుదుటి నిండా చెమట పట్టింది. అప్పటికీ రాకెట్ వదల్లేదు.

"ఇప్పుడు పెన్ను పడుతలేదు" అంది. మరి కాసేపటికి, "ఇప్పుడు చెయ్యి భుజం దాటి లేస్తలేదు బిడ్డా. లేపుదమంటే నాది కానట్టే ఉన్నది" అంది.

గౌతమి ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేను అబద్ధం చెప్పిన నానమ్మా. సార్‌కు చెప్పిన, నాన్నకు చెప్పిన. నువ్వు కింద పెట్టు. నేను దీంతో ఆడ."

"నా తీరు చూసి అంటున్నవా, నీకు నువ్వే అంటున్నవా?"

గౌతమి కళ్లు తుడుచుకుని ఆలోచించింది. ఆ నల్ల రాకెట్ తగిలినప్పుడు బంతి చేసే చప్పుడు ఆమెకు ఇంకా చెవుల్లో ఉంది. దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

"నాకు నేనే అంటున్న" అంది.

సత్తమ్మ రాకెట్‌ను నేలమీద పెట్టింది. భుజం విదిలించి, చెయ్యి పైకి లేపి, జుట్టు ముడి సరిచేసుకుంది. "జర చాయ్ పెట్టుమను మీ అమ్మను" అంది.

మర్నాడు సాయంత్రం తండ్రీకూతుళ్లు బోడుప్పల్ వెళ్లారు. దుర్గేష్ చెప్పబోతే గౌతమి ఆపి తనే చెప్పింది. "సార్, ఇది నాకు పడుతలేదు. నానమ్మ పట్టిచూసింది. కొన్నేండ్లకు చెయ్యి లేవదంట."

పవన్‌కుమార్‌కు సత్తమ్మ సంగతి తెలుసు. తన అకాడమీ వాచ్‌మన్ బూట్లు కూడా ఆమె చూసినవే. ఆయన కాదనలేదు. రాకెట్ తీసుకుని, "మా తరఫున ఆడేవాళ్లు మా రాకెట్‌తోనే ఆడాలి, అది మా ఒప్పందం. చోటు సంగతి ఇంక చెప్పలేను. ఏమనుకోకు" అన్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "పోచారం నుంచి ధనశ్రీ అని ఒకమ్మాయి వస్తోంది. ఇది ఆమెకు ఇస్తాను" అన్నాడు.

ఆ మాట గౌతమి మనసులో ముల్లులా దిగింది. కానీ నమస్కారం పెట్టి నాన్న వెనకే వచ్చేసింది.

ఆ నెలలోనే తెలంగాణ కోసం సకలజనుల సమ్మె మొదలైంది. బడులు మూశారు. ఉప్పల్ రింగురోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. రాష్ట్ర పోటీలు నవంబరుకు పోయాయి. వెంకటరామయ్య గౌతమిని మూడు వారాలు రాకెట్ ముట్టనివ్వలేదు. కోర్టు చుట్టూ పరుగెత్తమన్నాడు. గీతమీద పక్కకు, వెనక్కి అడుగులు వేయించాడు. వీధిలో జెండాలు పట్టుకుని ఊరేగింపులు పోతుంటే ఆయన కోర్టులో కుర్చీ వేసుకుని ఒక్కడే కూర్చునేవాడు. ఆయన తినే హోటలు కూడా మూసేశారని తెలిసి సత్తమ్మ రెండు పూటలా టిఫిన్ డబ్బా పంపింది.

"ఎందుకమ్మా మీకు శ్రమ, మేం ఆంధ్రావాళ్లం" అన్నాడాయన ఒకరోజు నవ్వుతూ.

"రాష్ట్రం సంగతి రాష్ట్రం చూసుకుంటది సారూ. బువ్వయితే తినాలె గద" అంది సత్తమ్మ.

నొప్పి తగ్గాక, అక్టోబరులో ఒక ఆదివారం తండ్రీకూతుళ్లు, సత్తమ్మ, వెంకటరామయ్య నలుగురూ ఆటో మాట్లాడుకుని సికింద్రాబాద్‌లో ఆటవస్తువుల దుకాణానికి పోయారు. దుకాణం సీతారామయ్యది. సత్తమ్మ ఎందుకు వచ్చిందో విని ఆయన ఆమెకు కుర్చీ వేయించి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

దుర్గేష్ కాగితం విప్పి, పిడి కొలత సరిపోయిన రాకెట్లన్నీ బల్లమీద పెట్టించాడు. తొమ్మిది తేలాయి. సత్తమ్మ ఒక్కొక్కటే పట్టిచూసింది.

మొదటిదానికి మణికట్టు పట్టుకుంది. రెండోది భుజం. మూడోది మళ్లీ మోచెయ్యి, అంత ఎక్కువ కాదు గానీ అదే చోట. నాలుగోదానికి బొటనవేలి కింద మంట. ఐదోది నడుము. దుర్గేష్ కాగితంమీద గీతలు కొట్టేస్తూ పోయాడు. ఏడోది పట్టుకున్నప్పుడు సత్తమ్మ చాలాసేపు ఊరికే కూర్చుంది.

"ఏం లేదు" అంది. "గాలి పట్టుకున్నట్టున్నది."

దుర్గేష్ మొహం విప్పారింది. "ఇదే తీస్కుందాం సార్."

వెంకటరామయ్య ఆ రాకెట్‌ను గౌతమికిచ్చి, దుకాణం వెనక ఖాళీస్థలంలో నాలుగు బంతులు ఆడించాడు. రాకెట్ మరీ తేలిక. ఆయన కొంచెం గట్టిగా కొట్టేసరికి గౌతమి చేతిలో అది పక్కకు తిరిగిపోయింది. బంతి ఆమె కాళ్లదగ్గరే చచ్చిపడింది.

"నొప్పి లేదు, ఆటా లేదు" అన్నాడు వెంకటరామయ్య.

దుర్గేష్ కాగితం మడిచాడు. "మరెట్ల అమ్మా? మంచివన్నీ నొప్పి పెడుతున్నయ్. నొప్పి పెట్టంది పనికొస్తలేదు."

"పని చేసే సామాను నొప్పి పెట్టకుండ ఎట్లుంటదిరా?" అంది సత్తమ్మ. "నీ లేత్ మిషను నీ నడుముకు పెడుతలేదా? నీ పెండ్లాం కుట్టుమిషను మెడకు పెడుతలేదా? రాత్రి పండుకుంటే పొద్దటికి పోవాలె, అంతే. ఇంక రెండున్నయ్ గద, ఇయ్యి."

ఎనిమిదోది మళ్లీ భుజమే. తొమ్మిదోది పచ్చగీతల తెల్ల రాకెట్. రెండువందల ఎనభై గ్రాములు. చట్రం కొంచెం వంగే రకం. దాన్ని పట్టుకోగానే సత్తమ్మ చేతిని కాదు, వంగి కాళ్లను పట్టుకుంది. రెండు పిక్కలూ గట్టిగా రాసుకుంది.

"కాళ్లు పీకుతున్నయ్" అంది ఆశ్చర్యంగా. "తొడలు సుత. కోసుడు గోసి, మోపులు మోసి ఇంటికొచ్చినట్టున్నది. చేతికైతే ఏం లేదు." కాసేపు ఆగి, "పోతున్నది... పోయింది" అంది.

వెంకటరామయ్య గట్టిగా నవ్వాడు. సీతారామయ్య కూడా నవ్వాడు. ఎందుకో అర్థం కాక తండ్రీకూతుళ్లు చూస్తుంటే వెంకటరామయ్య చెప్పాడు. "ఆ నల్లదానితో నిలబడినచోటే కొట్టేదానివి. ఇది నీకు ఊరికే బలం ఇవ్వదు. బంతి దగ్గరికి నువ్వే పరుగెత్తి, సమయానికి వెళ్లి, ఒళ్లంతా పెట్టి కొట్టాలి. అందుకే కాళ్లు పీకుతాయి. టెన్నిస్ ఆడాల్సింది అలాగేనమ్మా. తీసుకోండి దుర్గేష్ గారూ."

తీగలు మరీ బిర్రుగా కాకుండా కట్టించి, సాయంత్రానికి ఇల్లు చేరారు.

తర్వాతి అయిదు వారాలు గౌతమికి తన కాళ్లు ఉన్నాయని ప్రతి రాత్రీ తెలిసింది. పొద్దున్నకల్లా తేలికయ్యేవి. మొదట్లో ఆమె కొట్టిన బంతులు పొట్టిగా పడేవి, చిన్నపిల్లల చేతిలో కూడా ఓడింది. పది రోజులకు అడుగు పడే చోటు తెలిసింది. ఇరవై రోజులకు, బంతి వచ్చే చోటికి దానికంటే ముందే పోయి నిలబడడం అలవాటైంది. ఇది ఎవరో తెచ్చి చేతిలో పెట్టిన బలం కాదు. వెంకటరామయ్య రోలరు లాగుతూ చూసేవాడు. ఆయన ఏమీ అనలేదంటే ఆట బాగుందని అర్థం.

నవంబరులో రాష్ట్ర పోటీలు నగరంలోనే జరిగాయి. గౌతమి నాలుగు ఆటలు గెలిచి ఫైనల్‌కు వచ్చింది. అవతలి వైపు నుంచి ధనశ్రీ వచ్చింది. గౌతమి ఆమె సెమీస్ చూసింది. ఆ నల్ల రాకెట్టే. ఆ చప్పుడే. ధనశ్రీ ఎత్తరి పిల్ల. సర్వీసు చేసిన ప్రతిసారీ ఒకసారి చెయ్యి దులుపుకుంటోంది.

ఫైనల్ రోజు పొద్దున్న గౌతమి ఇడ్లీ ముట్టలేదు.

"నానమ్మా, ఆ రాకెట్ నేను వాపసిచ్చినందుకే ఆమెకు పోయింది. ఆమె చెయ్యి సుత పోతే?"

"ఆమె నన్ను అడగలె గద."

"నీ గురించి ఆమెకు ఎరుకనే లేదు."

"అయితే నువ్వు చెప్పు" అంది సత్తమ్మ.

కోర్టు పక్కన ధనశ్రీ ఒక్కతే కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. గౌతమి పోయి ఎదురుగా నిలబడి అంతా చెప్పింది. తన మోచెయ్యి సంగతి, నానమ్మ సంగతి, వాపసిచ్చిన సంగతి. ధనశ్రీ తాళ్లు ముడివేయడం ఆపి చూసింది.

"ఇంకో గంటలో మ్యాచ్ పెట్టుకుని ఇప్పుడు చెప్తున్నావా?"

"నిన్ననే చెప్పాల్సింది. భయమైంది. మ్యాచ్ అయినంక ఇచ్చినా సరే, గని ఒక్కసారి ఆమె చేతికియ్యి."

ధనశ్రీ తాళ్లు బిగించి ముడివేసింది. తర్వాత రాకెట్ తీసుకుని లేచింది. "ఎక్కడున్నారు మీ నానమ్మగారు?"

సత్తమ్మ మెట్లమీద దుర్గేష్, వెంకటరామయ్యల పక్కన కూర్చుని ఉంది.

"ఎవరికి?"

"నాకేనండి. ధనశ్రీ."

సత్తమ్మ పిడి పట్టుకుంది. గౌతమి ఆమె మోచేతినే చూస్తూ నిలబడింది. చర్మం ఎర్రబడలేదు. సత్తమ్మ వదలకుండా ఇంకా పట్టుకుంది. కోర్టులో గీతలు ఊడ్చేవాళ్లు ఊడ్చి వెళ్లిపోయారు. అంపైరు కుర్చీ తెచ్చి వేశారు. అప్పటికిగాని ఆమె రాకెట్ తిరిగి ఇవ్వలేదు.

"నీకేం గాదు బిడ్డా. నడుములో జర పడుతది, పండుకుంటే పోతది. చెయ్యి పొడుగు, భుజం వెడల్పు నీకు. ఇది నీదే. ఫికర్ జెయ్యక ఆడు."

"మరి సర్వీసు చేసినప్పుడల్లా చెయ్యి దులుపుకుంటవు గద?" అంది గౌతమి.

"అదా? చెమట" అంది ధనశ్రీ. ఇద్దరికీ నవ్వొచ్చింది.

గౌతమి గుండెలోంచి రెండు నెలల బరువు దిగిపోయింది. మెట్లమీదే కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలోంచి మూడు ఇడ్లీలు తిన్నది. దుర్గేష్ మాత్రం తల్లి వైపు వంగి మెల్లగా అడిగాడు. "అమ్మా, ఎవరు గెలుస్తరంటవ్?"

"నాకు నొప్పులు దెలుస్తయ్‌రా. గెలుపులు నాకేం దెలుసు?"

మొదటి సెట్ ధనశ్రీ ఆరు మూడుతో తీసుకుపోయింది. ఆమెకు ఇప్పుడు ఏ అనుమానమూ లేదు, చెయ్యి నిండా ఆడింది. వెంకటరామయ్య గౌతమిని చూసి తన మోకాలు తట్టాడు. రెండో సెట్‌లో గౌతమి ప్రతి బంతికీ పోయింది. అందవనుకున్నవాటికి కూడా పోయింది. ధనశ్రీ గెలిచేశాననుకున్న బంతులు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలుపెట్టాయి. ఆరు నాలుగు. మూడో సెట్‌లో ఎండ నెత్తిమీదికి వచ్చింది. అయిదు అయిదు. గౌతమి పిక్కలు రాళ్లలా అయ్యాయి. ఇది పొద్దటికి పోయే నొప్పే అని తనకు ఖాయంగా తెలుసు కనుక ఆమె ఆ నొప్పిని అసలు పట్టించుకోలేదు. చివరి పాయింటుకు బంతి ఇరవైసార్లకు పైగా వల దాటింది. ఇరవై ఎన్నోసారో ధనశ్రీ బంతి వలకు తగిలి ఇవతలికి రాలేదు. ఏడు అయిదు.

వల దగ్గర చెయ్యి కలిపినప్పుడు ధనశ్రీ ఊపిరి అందక వంగి నిలబడి అడిగింది.

"నువ్వు డబుల్స్ ఎవరితో ఆడతావు?"

"ఎవరితో ఆడలె ఇంతవరకు."

"నేను కొడతాను. నువ్వు పరుగెత్తు. ఏమంటావ్?"

అక్కడే నిలబడి రాష్ట్ర జట్టు పేర్లు రాసుకుంటున్న సెలెక్టరు పరంధామయ్య ఆ మాట విన్నాడు. సింగిల్స్ కింద గౌతమి పేరు ముందే రాసి పెట్టుకున్నాడు. డబుల్స్ కింద ఖాళీగా ఉన్న వరుసలో ఇద్దరి పేర్లూ కలిపి రాసి, వెంకటరామయ్య వైపు చూశాడు. వెంకటరామయ్య తలూపాడు.

డిసెంబరులో జాతీయ పోటీలకు ఇద్దరూ ఢిల్లీ రైలెక్కారు. రెండిళ్లవాళ్లూ సికింద్రాబాద్ స్టేషనుకు వచ్చారు. దుర్గేష్ కొత్త గ్రిప్పులు రెండు తెచ్చిచ్చాడు. ధనశ్రీ వాళ్లమ్మ తను కొత్తగా కొన్న నడక బూట్లు ఒక సంచీలో పెట్టుకొచ్చి, ప్లాట్‌ఫాం మీద బెంచీమీద కూర్చున్న సత్తమ్మ చేతిలో పెట్టింది. రైలు కదిలింది. కోర్టులో ఎడమవైపు ఎవరు నిలబడాలన్న దానిమీద ఆడపిల్లలిద్దరూ చర్లపల్లి దగ్గర వాదన మొదలుపెట్టారు. ఘట్‌కేసర్ దాటినా తెగలేదు, భువనగిరి దాటినా తెగలేదు. జనగామ వచ్చాక గౌతమి వేరుశనక్కాయల పొట్లం కొని, సగం ధనశ్రీ ఒళ్లో పోసి, "సరే, తీస్కో. గని అటు పోయిన బంతి సుత నేనే తీస్త" అంది. ధనశ్రీ ఒప్పుకుంది.